నలభై ఒకటో పేజీ

రిజిస్టరులోని నలభై ఒకటో పేజీని చింపి, ఆ కాగితాన్ని పది రోజుల్లోగా పంపమని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పంపకపోతే కామారెడ్డి బోధనా కేంద్రం డైరెక్టరు శ్రీమతి వాజిదా బేగంను ఆ పదవి నుంచి తప్పించి, ఆమె పాత ఉద్యోగానికి, అంటే ఎల్లారెడ్డి జూనియర్ కాలేజీకి, తిప్పి పంపవలసి వస్తుందని చివర్లో ఎంతో మర్యాదగా రాశారు. బెదిరించేటప్పుడు ఆఫీసులకు ఎక్కడలేని మర్యాద పుట్టుకొస్తుంది. వాజిదా ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, మూడోసారి పక్క బల్ల దగ్గరున్న యాకూబుకు చదివి వినిపించింది.

యాకూబు కెమిస్ట్రీ లెక్చరరు. కేంద్రంలో వాజిదా తర్వాత పెద్ద అతనే. మంచివాడు, పనిమంతుడు. కాకపోతే యూనివర్సిటీ ముద్ర ఉన్న కవరు చూస్తే అరచేతులు చెమట పట్టే రకం.

"ఒక్క కాగితమే గద మేడం," అన్నాడు. "చింపి పంపితే పాయె. కేంద్రం నిలబడ్తది, మీరూ ఉంటరు."

"మూడో పేజీల నీ పేరున్నది యాకూబూ. ఎదురుంగ 'మళ్లీ రావాలి' అని ఉన్నది. అది గూడ చింపుదామా?"

"నాది ఉంటే ఎవలకేంది మేడం?" యాకూబు గొంతు తగ్గించాడు. "ఆయనది ఉండుడే తకరారు."

అదీ అసలు సంగతి. ఆ పేజీలో ఉండకూడని పెద్దమనిషి పేరు ఉంది, ఆయన పేరు ఎదుట ఆయనకు నచ్చని మాట ఉంది. ఆ సంగతి ఉత్తరంలో ఎక్కడా లేదు. 'అనుచితమైన నమోదు' అని మాత్రం ఉంది.

ఊళ్లలోని కాలేజీ లెక్చరర్లకు పాఠం చెప్పడం నేర్పడానికి యూనివర్సిటీ ఆ కేంద్రాన్ని పెట్టి మూడేళ్లయింది. పెట్టింది ఎక్కడనుకున్నారు? కామారెడ్డి స్టేషను దగ్గర, మూతబడిన బియ్యం మిల్లు తాలూకు రెండు గదుల్లో. వాన పడితే ఇప్పటికీ తవుడు వాసన వచ్చేది. ఫోను ఉండేది గానీ వారానికి రెండు రోజులే పలికేది. అటువంటి కేంద్రానికి డైరెక్టరుగా రావడానికి పెద్ద ప్రొఫెసర్లు ఎవరూ ముందుకు రాకపోబట్టే ఎల్లారెడ్డిలో ఫిజిక్సు చెప్పుకుంటున్న దర్జీ కూతురు వాజిదాకు ఆ కుర్చీ దక్కింది. ఎవరికీ అక్కర్లేని ఆ కుర్చీలో ఆమె మనసు పెట్టి కూర్చుంది. అదే ఆమె చేసిన నేరం.

ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజు పాఠం హన్మవ్వ చెప్పేది. హన్మవ్వ ఎల్లారెడ్డిలో బీడీలు చేసే మనిషి. అరవైకి దగ్గర పడిన వయసు, రోజుకు వెయ్యి బీడీలు చుట్టే వేళ్లు. బడి గడప తొక్కింది లేదు. పొద్దున మొదటి బస్సుకు, చాట చంకన పెట్టుకుని, తడిగుడ్డలో చుట్టిన తునికాకు సంచిలో వేసుకుని కామారెడ్డి వచ్చేది. ఎంఏలూ ఎంఎస్సీలూ ఆమె ముందు చాపల మీద వరసగా కూర్చునేవారు. ఆ గదిలో కుర్చీ అన్నది ఉండదు. లోపలికి ఎవరు వచ్చినా ఒడిలో చాట పెట్టుకుని కూర్చోవలసిందే, ఊరికే నిలబడి చూడటానికి వీల్లేదు. అది వాజిదా పెట్టిన పద్ధతి.

హన్మవ్వ మొదటిసారి ఏమీ చెప్పకుండా తన వేగంతో తను చేసి చూపించేది. ఆకు కత్తిరించి, తంబాకు పరిచి, చుట్టి, నోరు మడిచి, దారం కట్టి అవతల పడేసేది. అంతా రెప్పపాటు పని. "ఇగ మీరు చెయ్యుండ్రి," అనేది. లెక్చరర్లు మొహాలు చూసుకునేవారు. ఎవరో ఒకరు తప్పకుండా, "అవ్వా, జర మెల్లగ చెప్పు, మాకు తెల్వది గద," అనేవారు. వాజిదా లేచి ఆ మాటను ఉన్నదున్నట్టు నల్లబల్ల మీద రాసేది. "ఈ మాట మీ క్లాసుల ఎవలన్న అంటే మీరేమంటరు?" అని అడిగేది.

వంకరటింకరగా చేసిన బీడీని హన్మవ్వ పారేసేది కాదు. చేసినవాళ్ల కళ్ల ముందే మెల్లగా విప్పేది. "ఇగో, గీడ నీ బొటనేలు జారింది. తప్పు గీడ వడ్డది, నువ్వేమో ఆడ ఎతుకుతున్నవు," అని చూపించి, ఆకూ తంబాకూ మళ్లీ వాళ్ల చేతిలోనే పెట్టేది. సాయంత్రం రిజిస్టరు తెరిచేవారు. 'పాఠం చెప్పినవారు' అన్న గడిలో హన్మవ్వ వేలిముద్ర. నేర్చుకున్నవాళ్లు తమ పేరు రాసి సంతకం పెడితే, ఎదుట హన్మవ్వ చెప్పిన మాటను వాజిదా రాసేది. రెండే మాటలు. ఒకటి 'కుదిరింది', రెండోది 'మళ్లీ రావాలి'. ఫెయిలు అన్న ముక్క అందులో ఎక్కడా లేదు. మూడేళ్లలో మొదటి రోజునే 'కుదిరింది' అనిపించుకున్నవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. మొదటి పేజీలో మొదటి పేరు వాజిదా బేగందే. ఆ పేరు ఎదుట మూడు తేదీలు, మూడుసార్లు 'మళ్లీ రావాలి'.

ఈ పద్ధతి ఆమెకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పదమూడేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఎల్లారెడ్డి కాలేజీలో గంగామణి అని ఒక పిల్ల ఏదో లెక్క అర్థం కాలేదని లేచి అడిగింది. "ఇది గూడ తెల్వదా? ఇంటర్‌కెట్ల వచ్చినవు?" అన్నది వాజిదా. క్లాసంతా నవ్వింది. గంగామణి మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వారం తర్వాత వాజిదా ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే, ఆ పిల్ల, తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. తలెత్తి చూడలేదు. ఆ తల్లి హన్మవ్వ. కూతురిని కాలేజీకి పంపమని అడగడానికి వచ్చిన టీచరమ్మకు మాట పెగలక, ఊరికే ఒక ఆకు తీసుకుని చుట్టబోయింది. తంబాకంతా ఒళ్లో పడింది. హన్మవ్వ నవ్వలేదు. ఆ ఆకు తీసుకుని విప్పి, మళ్లీ చేతిలో పెట్టింది.

గంగామణి మళ్లీ కాలేజీకి రాలేదు. వాజిదాకు ఆ బాధ ఈనాటికీ తగ్గలేదు. అంత తేలికగా తగ్గకూడదు కూడా.

ఇక నలభై ఒకటో పేజీ. అది తొంభై ఒకటి ఫిబ్రవరిలో రాసింది. కేంద్రాన్ని తనిఖీ చేయడానికి యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ ముకుందరావు వచ్చారు. బోధన మీద రెండు లావుపాటి పుస్తకాలు రాసినాయన. గదిలోకి వచ్చి కుర్చీ కోసం నాలుగు పక్కలా చూశారు. లేదు. వాజిదా చాప చూపించింది. ఇరవై ఇద్దరు లెక్చరర్ల ముందు కాదనలేక, సఫారీ సూటు మడతలు సర్దుకుంటూ కూర్చున్నారు. రిజిస్టరులో ఆకుపచ్చ సిరాతో సంతకం కూడా పెట్టారు. పెట్టేటప్పుడు అది ఏ గడి అని చూసుకోలేదు. పెద్దవాళ్లు సంతకాలు పెట్టే అలవాటులో పెడతారు గానీ చదివి పెడతారా?

కూర్చున్నాక ఆయన ఊరుకోలేదు. "ముందు పాఠం లక్ష్యం ఏమిటో చెప్పాలమ్మా. తర్వాత సోపానాలు విడదీయాలి," అని హన్మవ్వకే పాఠం మొదలుపెట్టారు.

"సారూ, తంబాకు కింద వడ్తుంది సూడు," అన్నది హన్మవ్వ.

ఆయన తొమ్మిది బీడీలు చుట్టారు. తొమ్మిదింటినీ ఆమె విప్పింది. పదోది చుట్టి, ఎవరూ చూడటం లేదనుకుని, సఫారీ జేబులో వేసుకున్నారు. హన్మవ్వ చేయి చాపింది. "జేబుల వెట్టింది గూడ ఇయ్యి సారూ. ఇప్పి సూడకుంటే ఎట్ల తెలుస్తది?"

ఇరవై ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. వాళ్లు నవ్వింది ఆయనను చూసి కాదు. ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు తప్పు లెక్క ఉన్న పలకను వెనక దాచుకున్నవాళ్లే కాబట్టి, ఆ జేబు ఏమిటో అందరికీ తెలుసు. కానీ ఆయనకు అది తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. బీడీ తీసి ఇచ్చారు. సాయంత్రం ఆయన పేరు ఎదుట 'మళ్లీ రావాలి' అని పడింది. చాయ్ తాగకుండానే కారెక్కారు.

ఉత్తరం వచ్చిన మూడో రోజు ఫోను పలికింది.

"వాజిదా గారూ," అన్నారు ముకుందరావు, "ఉత్తరం మా ఆఫీసువాళ్లు కాస్త కటువుగా రాసినట్టున్నారు. చింపనక్కర్లేదు. ఆ రెండు మాటలు కొట్టేసి 'కుదిరింది' అని రాయండి. పక్కన మీ పొట్టి సంతకం పెట్టండి. అంతటితో వదిలేద్దాం."

"ఆ మాట నాది కాదు సార్. పాఠం చెప్పినామెది."

"ఆమె వేలిముద్ర వేసే మనిషి! అధ్యాపకుల గడిలో వేలిముద్ర ఉండటమేమిటసలు? యూనివర్సిటీ పరువేం కావాలి?"

"మీరు మళ్లొక్కసారి రాండ్రి సార్. కుదిరితే ఆమెనే మారుస్తది."

"నేను మళ్లీ రావాలా?"

"పేజీల గదే రాసున్నది సార్."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు గట్టిగానే వినబడింది. వాజిదా రిసీవరు పెట్టేసింది. భయం వేయలేదంటే అబద్ధం. ఈ కేంద్రం ఆమెకు ప్రాణం. ఇక్కడికి వచ్చి వెళ్లిన లెక్చరర్లలో కొందరు ఉత్తరాలు రాసేవారు. బాన్సువాడ నుంచి ఒకాయన, 'మేడం, ఇప్పుడు తప్పు జవాబుకు సున్నా పెట్టే ముందు విప్పి చూస్తున్నాను, సగం తప్పులు నేను చెప్పిన తీరులోనే దొరుకుతున్నాయి' అని రాశాడు. అలాంటివి ఒక ఫైలు నిండా ఉన్నాయి. రెండు మాటలు కొట్టేస్తే ఇదంతా నిలుస్తుంది. రెండే మాటలు.

సంగతి విని మర్నాడు హన్మవ్వే వచ్చింది. చాట లేదు, ఉత్త చేతులతో వచ్చింది.

"నా ఏలిముద్ర కోసం నీ కుర్సీ పోవుడేంది బిడ్డా? చింపితే చింపుండ్రి. నాకేం, నా ఏలు నాకాడనే ఉంటది."

"సరే అవ్వా. చింపొద్దట, 'కుదిరింది' అని మారిస్తే సాలట. నువ్వు చెప్పు, మార్చాల్నా?"

హన్మవ్వ మొహం మారిపోయింది. "కుదరంది కుదిరిందని ఎట్లంటం? గసొంటి బీడీ కట్టల వెడితే కార్ఖానాల నా మొఖాన కొడ్తరు. నలభై ఏండ్ల సంది ఒక్క దొంగ బీడీ కట్టల వెట్టలే నేను." కొంగు దోపుకుంది. "చింపుతె చింపు. అబద్ధం మాత్రం నా పేరు మీద రాయకు."

"నేను చింప గూడ చింప అవ్వా."

"ఎందుకట్ల? మొండితనమా?"

"మొండితనమే," అన్నది వాజిదా. "నీ బిడ్డకు లెక్క తెల్వకపోతే నేను క్లాసు ముందర పరువు తీసిన. ఆ పొల్ల పేరు ఏ రిజిస్టర్లకెల్లి ఎవలూ చింపలే. పరీక్షకు రాలేదని, ఫెయిలని అట్లనే ఉన్నది. పెద్ద సారుకు తెల్వకపోతే మాత్రం పేజీ చింపాల్నా? తెల్వకపోవుడు చిన్నోళ్లకే తప్పా?"

హన్మవ్వ లేచి వెళ్తూ వాజిదా తల మీద చేయి పెట్టింది.

జవాబు వాజిదా ఆ మధ్యాహ్నమే రాసింది. 'ఈ రిజిస్టరులో తొంభై ఆరు పేజీలు గలవని మొదటి అట్ట మీద రాసి ముద్ర వేసింది మీ ఆఫీసే. తొంభై అయిదు చేసే అధికారం నాకు లేదు, ఉన్నా చేయను. ప్రొఫెసరు గారు ఎప్పుడైనా మళ్లీ రావచ్చు. ఆకు, కత్తెర మేమే ఇస్తాము.' యాకూబు ఆ ఉత్తరం చదివి, మంచినీళ్లు తాగి, మళ్లీ చదివి, కవరు అంటించడానికి జిగురు సీసా తనే తెచ్చి ఇచ్చాడు.

ఆర్డరు పదకొండో రోజున వచ్చింది. వాజిదా ఎల్లారెడ్డికి. చార్జి యాకూబుకు.

చార్జి ఇవ్వడమంటే జాబితా రాయాలి. బల్లలు ఎన్ని, చాపలు ఎన్ని, నల్లబల్ల ఒకటి, కూజా ఒకటి, ఒక్కొక్కటీ చూసి రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. యాకూబు తలవంచుకుని రాసుకుంటూ పోయాడు. రిజిస్టరు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. వాజిదా అతని చేతుల వైపే చూసింది. తను వెళ్లిన మర్నాడు ఈ మెతక మనిషి చేతిలో ఆ పేజీ ఎన్నాళ్లు ఉంటుంది?

యాకూబు రిజిస్టరు తెరిచి, వేలు తడి చేసుకుని, ఒకటి నుంచి తొంభై ఆరు దాకా పేజీలన్నీ లెక్కపెట్టాడు. నలభై ఒకటి దగ్గర ఆగి చదివాడు కూడా. అప్పుడు జాబితాలో తన గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: 'హాజరు రిజిస్టరు ఒకటి, పేజీలు తొంభై ఆరు, నలభై ఒకటో పేజీ సహా అన్నీ సరిగా ఉన్నవి.' కింద సంతకం పెట్టి, మూడు నకళ్లు తీసి, ఒకటి యూనివర్సిటీకి పోయే కవరులో వేశాడు.

"ఇగ ఇది చింపితే మొదలు నేనే జైలుకు పోవాలె మేడం," అన్నాడు. "నాకు మీ అంత ధైర్యం లేదు. అందుకే నన్ను నేను కట్టేసుకున్న."

వాజిదాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండూ దాచుకోలేదు.

ఎల్లారెడ్డికి పంపడం శిక్ష అనుకున్నారు పాపం. ఆ పంపడమేదో నేరుగా హన్మవ్వ వాడకే పంపారు. వాజిదా కాలేజీలో చేరిన మొదటి ఆదివారమే హన్మవ్వ ఇంటి ముందు చాపలు పరిచారు. 'స్థానిక సందర్శన' అని కాగితం మీద రాసుకుని, యాకూబు కొత్త బ్యాచి లెక్చరర్లను కామారెడ్డి నుంచి గంటన్నర బస్సులో తీసుకొచ్చాడు. రిజిస్టరు సంచిలో పెట్టుకుని మరీ తెచ్చాడు. ఒక చాప మీద చాట ఒకటి పెట్టి, ఎవరినీ అక్కడ కూర్చోనివ్వలేదు వాజిదా.

సాయంత్రం అందరూ వెళ్లాక పోస్టుకార్డు తీసింది. తల్లి పక్కనే గంగామణి కూడా ఉంది. మొగుడు దుబాయిలో పనికి పోతే, ఇద్దరు పిల్లలతో పుట్టింట్లో ఉండి బీడీలు చేసుకుంటోంది. ఆమె చేతిరాత ఇంటర్‌లో ఉన్నప్పుడే ముత్యాల్లా ఉండేది. వాజిదా కార్డూ పెన్నూ ఆమె ముందు పెట్టింది.

"ఆ దినం నేనన్న మాట తప్పు గంగామణీ. పదమూడేండ్లయింది, ఇయ్యాల చెప్తున్న. మాఫ్ చెయ్యి."

గంగామణి పెన్ను మూత తీసింది. మాఫ్ చేశానని అనలేదు, లేదనీ అనలేదు. "ఏం రాయాల్నో చెప్పుండ్రి మేడం," అన్నది.

"మళ్లీ రావాలి అని రాయి."

"అది పెద్దసారును బెదిరిచ్చినట్టున్నది," అన్నది గంగామణి. తన మాటలే రాసింది: 'ముకుందరావు సారుకు నమస్కారం. మీ పాఠం సగంల ఉన్నది. మీ చాట తీసి పెట్టినం, ఆడ ఇంకొకరిని కూసోనిస్తలేము. తెల్వకపోతే సిగ్గు లేదు. రాండ్రి.' కింద హన్మవ్వ వేలిముద్ర వేసింది.

"కవర్ల వెట్టవా బిడ్డా?" అడిగింది హన్మవ్వ.

"వెట్ట."

ప్రతి నెలా మొదటి సోమవారం ఎల్లారెడ్డి పోస్టు డబ్బాలో అవే మాటలతో ఒక కార్డు పడింది. ముకుందరావు రిటైరయ్యే దాకా, నాలుగేళ్ల మూడు నెలలు, ఒక్క నెల తప్పలేదు. కార్డు కాబట్టి యూనివర్సిటీలో టపా విడదీసే గుమస్తా చదివేవాడు, వాడి పక్కనున్న టైపిస్టు చదివేది, వరండాలో స్టూలు మీద కూర్చునే అటెండరు కూడబలుక్కుని పైకే చదివేవాడు. అందరూ చదివిన తర్వాతే అది ఆయన బల్ల మీదికి చేరేది.